కంచు మూతి ఎటువైపు

లాంగ్‌వేర్ దీవిలో ఐలెర్ట్ రేవును ఆనుకుని బరువైన దిమ్మెలు పరచి ఉంటాయి. పోటు మీద పడవ వాటి పైకి వస్తుంది. ఆటుకు నీరు దిగగానే వాటి మీద కూర్చుంటుంది. మళ్ళీ నీరు పెరిగేలోపు అడుగున చేయవలసిన పని చేసుకోవాలి. పడవ అడుగు చూడడానికి మా దీవిలో ఇంకో చోటు లేదు. అందుకే బోర్గ్ని తన టెర్నాను, పళ్ళు బిగబట్టి, బాబాయి దిమ్మెల మీదికే తెచ్చింది.

టెర్నా ఆమె తండ్రి హల్వార్‌ది. అన్న పోతే పడవ తనకు వస్తుందని ఐలెర్ట్ ఎదురుచూశాడు. అది కూతురికి వెళ్ళింది. అప్పటినుంచి వారి మధ్య మాట పుడితే ముల్లు, పుట్టకపోతే మంచు.

కిందటి వారం ఆ మంచే బోర్గ్నిని ముంచబోయింది. ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి దారిలో నాచూ, నలిగిన మంచు ముద్దలూ అడ్డుపడ్డాయి. ఇంజన్ కాగిపోయింది. ఆమె దాన్ని ఆపేసింది. గాలి పడవను రాళ్ళవైపు నెడుతున్నప్పుడు కనుచూపుమేరలో ఉన్నది ఐలెర్ట్ ఒక్కడే. అతను వచ్చాడు. రాకుండా పోతే దీవిలో తలెత్తుకు తిరగలేడు. తాడు విసిరాడు, కట్టించుకున్నాడు, ఉన్న వేగమంతా పెట్టి లాగాడు.

పడవ అడుగున నీటిని లోపలికి తీసుకునే కంచు మూతి ఉంటుంది, గరిటెను బోర్లించి అంటించినట్టు. దాని నోరు ముందుకు తిరిగి ఉంటే, ఇంజన్ నడిచేటప్పుడు మేలే. ఇంజన్ ఆగిన పడవను వేగంగా లాగితే మాత్రం సముద్రం ఆ నోట్లోకి తనంతట తానే తోసుకొస్తుంది. పంపును దాటి, పొగగొట్టం దారిన, ఇంజన్ కడుపులోకి ఎక్కుతుంది. వాల్వ్ మూయాలి. బోర్గ్ని మూయబోయింది, తుప్పు పట్టిన పిడి తిరగలేదు. ఆమె పైకి పరుగెత్తి, వేగం తగ్గించమని రెండు చేతులూ ఊపింది. ఐలెర్ట్ వెనక్కి తిరిగి చూశాడు. వేగం తగ్గలేదు.

ఉప్పునీటిని తోడి, నూనె మార్చి, చేత్తో తిప్పి తిప్పి ఆ ఇంజన్‌ను ఆమె బతికించుకుంది. ఇంకోసారి మునిగితే అది బతకదు. ఇంజన్ లేని పడవతో కాడ్ చేపల వేటకు వెళ్ళలేరు. వేటకు వెళ్ళని పడవను అమ్మక తప్పదు. కొనడానికి లాంగ్‌వేర్‌లో ఐలెర్ట్ తప్ప మనిషి లేడు.

కాబట్టి కొత్త వాల్వ్, కొత్త కంచు మూతి, నాచును పట్టి ఆపే పెద్ద వడపోత డబ్బా. మా దగ్గర దిమ్మెల యజమాని బయట అడుగున పనిచేస్తాడు, పడవ యజమాని లోపల పనిచేస్తారు. బయటివాడు మూతిని కన్నంలోకి దూర్చి కదలకుండా పట్టుకోవాలి. లోపలివారు దాని గొట్టానికి నట్టు బిగించాలి. ఒకరి చేయి లేకుండా ఇంకొకరి చేయి పనికిరాదు.

బోర్గ్ని ఇంజన్ పక్కన మోకాళ్ళు ముడుచుకుని వడపోత డబ్బాను బిగిస్తోంది. మూత తీయకుండానే లోపలి చెత్త కనపడేలా దానికి గాజు మూత ఉంది. నీటిమట్టానికి పైగా, చేతికి అందేలా, ఆమె దాన్ని దూలానికి నిలిపింది.

"ఏమ్మా, లోపల కునుకు తీస్తున్నావా?" పాత మూతి ఊడదీసిన కన్నంలోంచి ఐలెర్ట్ గొంతు వచ్చింది.

"నీ రేవులో కళ్ళు మూసేంత ధైర్యం నాకెక్కడిది బాబాయ్?"

రేవు అంచున కూర్చున్న ముసలి సిగ్‌వాల్, పెదవి కింద పొగాకు సర్దుకుంటూ, గట్టిగా నవ్వాడు. "ఐలెర్టూ, ఆ కన్నం కాస్త పెద్దది చెయ్యవయ్యా! ఒకరి పీక ఒకరు పిసుక్కోడానికి వీలుగా ఉంటుంది."

"మూతి నోరు వెనక్కి పెట్టు," అంది బోర్గ్ని.

"వెనక్కా? అది ఎండాకాలం షికారుకొచ్చే తెరచాప పడవలకమ్మా. ఆ తెల్లబూట్ల వాళ్ళకి. మీ నాన్న బతికినన్నాళ్ళూ దీనికి నోరు ముందుకే ఉంది."

"మా నాన్నని నువ్వెప్పుడూ లాగలేదుగా."

"లాగకపోతే ఈపాటికి రాళ్ళ మీద పీతలకి మేతయ్యేదానివి."

"లాగావు. చేతులు రెండూ ఊపాను. చూశావు."

"ఊపావు. సెలవు చెప్తున్నావేమో అనుకున్నా."

ఈసారి సిగ్‌వాల్ నవ్వలేదు. పొగాకు ఉమ్మి, ఐలెర్ట్ వంక చూశాడు.

కాసేపటికి నల్లటి జిగురు పూసుకున్న కంచు గొట్టం కన్నంలోంచి పైకి వచ్చింది. బోర్గ్ని నట్టు ఎక్కించి, చేత్తో తిప్పి, రెంచి అందుకుంది. లోపలినుంచి గొట్టం కనిపిస్తుంది గాని మూతి కనిపించదు. గొట్టం గుండ్రనిది, ఎటు తిప్పినా ఒకలాగే ఉంటుంది.

"నోరు ఎటుంది?"

"నువ్వు చెప్పినట్టే ఉంది," అన్నాడు ఐలెర్ట్. ఆ జవాబులో వెటకారం లేదు. వెటకారం లేని ఐలెర్ట్ మాటను బోర్గ్ని పుట్టినప్పటినుంచి వినలేదు.

ఆమె రెంచి ఆపి, ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించింది. గొట్టం అడుగున తెల్లటి వెలుగు కనిపించింది. టెర్నా ముందుభాగం గట్టువైపు, వెనుకభాగం సముద్రంవైపు ఉన్నాయి. గట్టు నిండా మంచు. ఆ మంచు తెలుపే నోట్లోంచి గొట్టంలోకి వస్తోంది. నోరు ముందుకే ఉంది.

ఆమె రెంచిని ఇంజన్ మీద, చప్పుడయ్యేలా, పెట్టింది.

"బిగించవేం?" అన్నాడు ఐలెర్ట్.

"బిగించను."

"జిగురు ఎండిపోతుంది."

"ఎండనీ."

"పోటు మొదలైంది."

"తెలుసు. నీ బూట్ల కింద చప్పుడు వినిపిస్తోంది."

కింద నీరు దిమ్మెలను నాకడం మొదలుపెట్టింది. ముందు నాలుకతో, తరవాత అరచేతితో, తరవాత భుజంతో.

"పిచ్చిదానా, మునిగేది నీ పడవే!"

"నా పడవే బాబాయ్. మునిగేది నీ దిమ్మెల మీద."

పడవ మునిగిన దిమ్మెల మీద మా దీవిలో ఇంకెవరూ పడవ నిలపరు. దిమ్మె చెడ్డదా మనిషి చెడ్డవాడా అని అడగరు, అంతే, నిలపరు. ఉత్తరపు ఒడ్డున అలాంటి దిమ్మెలు నాచు పట్టి కుళ్ళిపోతున్నాయి. వాటి యజమాని పేరు కూడా పిల్లలకు తెలియదు.

"ఐలెర్టూ," అన్నాడు సిగ్‌వాల్, మెల్లగా. "ఏం చేశావక్కడ?"

"నువ్వు నోరు మూసుకో."

చిన్న అల ఒకటి లేచి మూతికి తగిలింది. గొట్టంలోంచి చిమ్మిన ఉప్పునీరు బోర్గ్ని గడ్డాన్ని తడిపింది. తండ్రి పడవ, తను బతికించిన ఇంజన్, రాబోయే వేటంతా ఆ గొట్టం వెడల్పులో ఉన్నాయి. ఆమె చేతులు రెంచి కోసం లాగుతున్నాయి. వాటిని చంకల్లో దాచుకుని కూర్చుంది.

ఇంకో అల. ఇంకొన్ని చుక్కలు.

అప్పుడు కంచు, జిగురులో, కిర్రుమంటూ కదిలింది. ఆమె మళ్ళీ కన్ను ఆనించింది. తెలుపు పక్కకు జరిగింది, సన్నబడింది, పోయింది. దాని చోట ముదురు బూడిదరంగు వచ్చి నిలిచింది, అది కదులుతోంది. సముద్రం.

"తిప్పాను," అన్నాడు ఐలెర్ట్.

"చూశాను."

"ఎలా చూశావే?"

"పట్టుకో. కదలనివ్వకు."

ఆమె బిగించింది. తొందరపడలేదు. బాబాయి చేయి మణికట్టు దాకా, తరవాత మోచేతి దాకా, మంచులా చల్లటి సముద్రపు నీటిలో ఉంది; అతను వదలలేదు, ఆమె జాలిపడలేదు. నట్టు ఇక కదలకుండా నిలిచాక వాల్వ్ తగిలించి మూసింది. గొట్టాన్ని వడపోత డబ్బాకు కలిపి, కట్లు రెండేసి బిగించింది. "ఇక పో," అంది.

నీరు పెరిగింది. దిమ్మెల మీదినుంచి టెర్నా ఒళ్ళు విరుచుకుంటున్నట్టు లేచింది. బోర్గ్ని వాల్వ్ తెరిచింది. కొత్త పిడి వేలితోనే తిరిగింది. గాజు మూత కిందికి నీరు బుడగలతో ఎగబాకి, తేటగా నిలిచింది. నట్టు చుట్టూ ఆమె వేలు తిప్పి చూసుకుంది. పొడిగా ఉంది. ఇంజన్ దగ్గి, పట్టుకుంది. ఇంజన్‌ను చల్లబరిచిన నీరు పొగగొట్టంలోంచి ధారగా వచ్చి రేవు గోడను కొట్టింది.

ఐలెర్ట్ రేవు మీదికి ఎక్కి, తడిసిన చొక్కా చేతిని పిండుకుంటున్నాడు. పెదవులు నీలం.

"సగం వేటలోనే మళ్ళీ వస్తావు," అన్నాడు. "నా దిమ్మెల మీదికే."

"వస్తే మూతి సిగ్‌వాల్ తాత పట్టుకుంటాడు. నువ్వు పైన కూర్చుని నవ్వుకో బాబాయ్."

పడవ తాళ్ళు తనే విప్పుకుని ఆమె వెళ్ళిపోయింది. టెర్నా రేవు నోరు దాటి ఉత్తరానికి తిరిగేదాకా ఇద్దరు మగవాళ్ళూ అదే చోట ఉండిపోయారు.

"సిగ్‌వాలూ, నీ పడవ రేపటి పోటుకే తేవచ్చు. దిమ్మెలు ఖాళీయే," అన్నాడు ఐలెర్ట్, చేయి వంటికి హత్తుకుని.

సిగ్‌వాల్ లేచి, కూర్చున్న చోట మంచును దులుపుకున్నాడు.

"పక్క దీవికైనా సరే, చెయ్యి ఊపడం అంటే ఏంటో తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్తాలే," అని, వెనక్కి చూడకుండా ఊళ్ళోకి నడిచాడు.