మడమ కింద కాగితం

పొద్దున్నే సందుల్లోకి బయల్దేరే ముందు సూచిన్ సంచిలో పరీక్ష పట్టీలూ సూదులూ ఉన్నాయో లేదో చూసుకుని, మడత స్టూలు భుజాన వేసుకుంటుంది. జ్వరమొచ్చిన పిల్లల వేలు అందాలంటే స్టూలు ఉండాల్సిందే. తైవాన్‌లోని తైనాన్ ఊళ్ళో, కాలువ వెనక సందుల్లో పిల్లలకి జ్వరం తగిలితే నేల విడిచి లేస్తారు. ముప్ఫై ఎనిమిది సెల్సియస్ డిగ్రీలకి జానెడు, నలభైకి ఇంటికప్పు. అందుకే జ్వరం ఉన్న ఇంట్లో, ఎంత ఉక్కపోసినా సరే, ఫ్యాను వేయరు.

ఇరవై ఏళ్ళుగా ఆమె అక్కడి ఆరోగ్య కేంద్రం నర్సు. మొండిఘటం. మొదటి రోజు డెంగీ లేదని తేలిన పిల్లల్ని కూడా నాలుగో రోజు వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ పొడుస్తుంది. మొదటి రోజు రక్తం ఒక్కోసారి అబద్ధమాడుతుందని ఆమెకి తెలుసు. ఎవరైనా తలుపు వేసేసుకుంటే కిటికీ దగ్గర నిలబడుతుంది.

ఆ బుధవారం గ్యోక్ ఆమా తలుపు వేయలేదు గానీ, గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఊరగాయకి ఆవాకు ఉప్పులో నలుపుతోంది. ఆమా అంటే నానమ్మ. వీధంతా అలాగే పిలుస్తుంది. కోడలు పొరుగూరి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తుంటే, ఆరేళ్ళ మనవరాలు షిన్యూని ఆవిడే సాకుతోంది.

“మళ్ళీ వచ్చావా, రాక్షసీ! ఆదివారం పొడిచావు, ఏమీ లేదన్నావు. మా పిల్లని పీల్చింది చాలదూ? నీకంటే దోమలే నయం, చెప్పాపెట్టకుండా కుట్టి పోతాయి.”

“నేను చెప్పే కుడతాగా ఆమా. జ్వరం ఎలా ఉంది?”

“రాత్రే పోయింది. దడుపు జ్వరమని మొదటి రోజే చెప్పానా? బియ్యం మూట తల చుట్టూ తిప్పి, బెదిరిపోయిన ప్రాణాన్ని పేరు పెట్టి పిలిచి, నేనే దడుపు తీశాను. ఇక వెళ్ళిరా.”

ఆమాకి అసలు భయం వేరే ఉంది. పరీక్ష పట్టీ మీద రెండో గీత పడితే డెంగీ ఉన్నట్టే, పొగమందు వాళ్ళొస్తారు. దోమలు పెరుగుతాయని ఊరగాయ జాడీలన్నీ బోర్లిస్తారు. ‘దోమలు గ్యోక్ ఇంట్లోంచే’ అని వీధి ఆడిపోసుకుంటుంది. నిరుడు ఎదురింటి వాళ్ళని అలా ఆడిపోసుకున్నప్పుడు అందరికంటే పెద్ద గొంతు ఆమాదే.

సూచిన్ ఆవాకు బుట్ట దాటుకుని లోపలికి వెళ్ళింది. షిన్యూ నేల మీదే నిలబడి ఉంది. ముందున్న చేప గంజి ముట్టుకోలేదు.

“తినవేమే?”

“కడుపు నొప్పి.”

నుదురు తాకితే చల్లగా, జిగటగా తగిలింది. అది సూచిన్‌కి నచ్చలేదు. పిల్ల నడుముకి కట్టిన మూట వైపు చూసింది.

“బియ్యం ఎంత కట్టావు ఆమా?”

“రెండు గిన్నెలు. ఒక గిన్నెకి ఆగలేదు, పైకి లేచిపోతుంటేనూ...” అని ఆమా సగంలో ఆగిపోయింది.

“విప్పు.”

“సాయంత్రానికి గానీ మూట కట్టి మూడు రోజులు నిండవు. ఇప్పుడు విప్పితే పిలిచిన ప్రాణం మళ్ళీ బెదురుతుంది.”

“అయితే సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. పిల్లకి అంత వ్యవధి ఉందో లేదో మాత్రం నాకు తెలీదు.” సూచిన్ స్టూలు వేసుకుని కూర్చుంది కూడా.

ఆమా ఆమెనీ, గంజినీ, పిల్లనీ చూసింది. ఉప్పు చేతులు తుడుచుకుని ముడి విప్పింది.

మూట జారగానే షిన్యూ మడమలు నేల వదిలాయి. ఎంతో కాదు, వేలెడు. సూచిన్ సంచిలోంచి ఒక కాగితం తీసి, ఆ మడమల కింద ఇటు నుంచి తోసి అటు నుంచి లాగింది. జ్వరం దిగింది, పిల్ల దిగలేదు.

ఆమా తనే షిన్యూ వేలు పట్టి ముందుకి చాపింది. “పొడు,” అంది.

పావుగంటకి రెండో గీత తేలింది.

“పోతే పోయాయి వెధవ జాడీలు. బండి తియ్యి!” అంది ఆమా.

సూచిన్ స్కూటర్ మీద ఇద్దరి మధ్యా పిల్లని ఇరికించుకుని, గాలికి లేచిపోకుండా అదే బియ్యం మూట మళ్ళీ కట్టారు. ఈ జబ్బు జ్వరం దిగాకే కాటేస్తుందనీ, సాయంత్రం దాకా ఆగుంటే చేతికి దక్కేది కాదనీ ఆసుపత్రిలో సెలైను పెడుతూ డాక్టరు అన్నాడు.

మూడో రోజు షిన్యూ మంచం దిగింది. తగ్గిందని డాక్టరు చెప్పాడు, సూచిన్ చెప్పింది. ఆమా ఇద్దర్నీ నమ్మలేదు. దేవుడి ముందు కాల్చే బంగారు రేకు కాగితం ఒకటి సంచిలోంచి తీసి, మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల మడమ కిందికి తోసింది. కాగితం ముడత పడింది గానీ లోపలికి పోలేదు. మళ్ళీ తోసింది. పోలేదు.

“గిలిగింతలు పెట్టకు ఆమా!” అంది షిన్యూ.

ఆమా ఆ పాదాన్ని రెండు చేతులతో నేలకి అదిమి పట్టుకుని భోరుమంది.