ఎనిమిదింటికి ముప్పై మంది

అరకులో ఆ వరసలోని పన్నెండు దుకాణాలూ సాయంత్రం ఏడింటికల్లా మూసెయ్యాలి. పంచాయతీ కట్టడి అది. రమణికి అదే గండం. పగలంతా కాఫీ తోటలో పని. అయిదింటికి వచ్చి బొంగు చికెన్ కొట్టు తెరిస్తే, బేరం ఊపందుకునేసరికి మూసే వేళ. తొమ్మిది దాకా తెరవనిస్తే కొట్టు నిలుస్తుంది. లేదంటే ఈ నెలాఖరుకి ఎత్తెయ్యడమే.

కార్యదర్శి వరహాలరావు ఒకే ఒక్క రోజు అవకాశం ఇచ్చాడు.

"ఇవాళ తెరిచి ఉంచండి. ఎనిమిదింటికి నేనే వస్తాను. బజారులో ముప్పై మంది కనపడితే రేపటి నుంచి తొమ్మిది దాకా మీ ఇష్టం. లేదా, మళ్లీ ఆ మాట ఎత్తొద్దు."

ఏడూ పది. బజారులో ఉన్నది ఆరుగురు. అందులో ఇద్దరు దారి అడగడానికి ఆగినవాళ్లు.

పక్క కాఫీ కొట్టు సైలస్ మఫ్లరు బిగించుకుంటూ వచ్చాడు. "ఏటి గుంటా, అలాగ సూత్తన్నావు? రెండో వాయి నిప్పుల మీద పెట్టెయ్. ఎవలైనా వత్తే బేగి ఇచ్చీవచ్చు."

రమణి చెయ్యి బొంగు దాకా వెళ్లి ఆగిపోయింది. మొదటి వాయి ముందే కాల్చి సిద్ధంగా ఉంచింది. వచ్చినవాళ్లు పది నిమిషాల్లో తిన్నారు, మూతి తుడుచుకున్నారు, బండెక్కారు.

"పెట్టను మావా."

"మతి గాని పోయిందేటి?"

"ఉడికిపోయుంటే తినేసి పోతారు. ఉడకాల్సుంటే ఉంటారు."

"ఉండకపోతే?"

"రేపట్నుంచి నీ కాడ కప్పులు కడుగుతాను."

"వద్దు తల్లీ, నా కప్పులు నాకు కావాల!"

ఏడూ ఇరవైకి మలుపులో లైట్లు మెరిశాయి. బస్సు! గుహలు చూసి వస్తున్న టీచర్లు, నలభై మంది దాకా ఉన్నారు. ముందుగా దిగిన మేడమ్ అడిగింది. "రెడీగా ఉందామ్మా?"

"లేదమ్మా. మీ కళ్ల ముందే కాలుస్తాను. ముప్పావు గంట."

డ్రైవరు హారన్ మోగించాడు. "ముప్పావు గంటా! ఎక్కండి, ఎక్కండి!"

మేడమ్ బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. సైలస్ కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు.

రమణి కారం, అల్లం పట్టించిన ముక్కలు పచ్చి బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద వాల్చింది. వెదురు బుస్సుమంది. కమ్మని పొగ బస్సు తలుపు దాకా పాకింది.

ఇంజను ఆగింది. ముందు దూకింది డ్రైవరే.

"నాకు రెండు బొంగులు!"

అంతసేపు ఊరికే ఎవరు నిలబడతారు? చలికి సైలస్ కాఫీ తాగారు. కాఫీ పడగానే కాళ్లు కదిలాయి. అదే వరసలో ఉన్న డాలీ కొట్టులో శాలువాలు తిరగేశారు, ఆ పక్కన తేనె నాకి చూశారు.

ఎనిమిదికి వరహాలరావు టార్చి పట్టుకుని దిగాడు. లెక్క పదిహేను దాటేలోగా జనం అటూ ఇటూ మారిపోయారు. మళ్లీ ఒకటి నుంచి.

"కాస్త కదలకుండా నిలబడండమ్మా!"

"ఆ మాట మేం పిల్లలతో అంటాం సార్," అంది మేడమ్. బజారంతా గొల్లుమంది.

మూడోసారికి ముప్పై ఆరు తేలింది.

"తమర్ని కలపనేదు సార్," అన్నాడు సైలస్.

"నేను డ్యూటీలో ఉన్నానయ్యా," అన్నాడే గాని, ఆయన ముక్కు అప్పటికే పొయ్యి వైపు తిరిగింది. "సరే, రేపటి నుంచి తొమ్మిది. కాగితం పొద్దున్న పంపిస్తాను."

"ఇప్పుడే రాసీండి సార్," అంది రమణి, బొంగులు తిప్పుతూ. "ఎలాగూ ఇంకో పది నిముషాలు ఆగాల కదా!"

వరహాలరావు బల్ల మీద చోటు చూసుకుని కూర్చుని పెన్ను తీశాడు.