పెయింటరు తాత వేసిన ఆకాశం

ఊళ్లో సగం గోడలు పెయింటరు తాత చేతి రంగుతోనే నిగనిగలాడేవి. సొంతింటి గోడ మీద మరక కనిపిస్తే మరి ఆయనకు నిద్ర పడుతుందా? వెనకగది మూల ఏటా నల్లచారలు తేలేవి. అవి తేలడమే ఆలస్యం, బ్రష్షు పట్టి నీలిరంగు కొట్టేసేవాడు. మనవరాలు పుట్టాక ఆ నీలం మీద తెల్లమబ్బులు కూడా వేశాడు.

మనవరాలిని అందరూ పిచ్చుక అనేవారు. పక్కవీధిలోనే అమ్మానాన్నలతో ఉండేది. పగలంతా తాతయ్య ఇంట్లోనే కిచకిచలు. రాత్రి ఆ మబ్బుల కింద పడుకుందా, తెల్లారేసరికి గొంతులో పిల్లికూతలు, ఆయాసం. కొన్నాళ్లు ఆ గదిలో పడుకోబెట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. తాతకు ఇల్లంతా బోసిపోయినట్టయింది. ఎలాగైనా పిల్ల మళ్లీ తన దగ్గర పడుకోవాలి. బయటి దుమ్మే ఇంత పని చేస్తోందనుకుని, ఉన్న ఒక్క కిటికీని బిగించి, సందుల్లో లప్పం కూరి, దాని మీదా ఒక మబ్బు వేశాడు. ఆయాసం తగ్గకపోగా, పగలు ఆ గదిలో ఆడుకున్నా మొదలైంది.

పిచ్చుక వాళ్లమ్మ, తాతకు కోడలు, ఆరోగ్యశాఖ ల్యాబులో పనిచేస్తుంది. ఇళ్లలోని గాలిలో ఏమేం తిరుగుతున్నాయో చూడటమే ఆమె ఉద్యోగం. ఒకరోజు మూతలున్న రెండు చిన్న పళ్లేలు తెచ్చింది. వాటి అడుగున గడ్డకట్టిన జావలాంటి మేత ఉంది. ఒకటి వెనకగదిలో, ఒకటి వరండాలో మూత తీసి కాసేపు ఉంచి, మళ్లీ మూసి పట్టుకుపోయింది. కంటికి ఆననివి గాలిలోంచి రాలి అందులో మొలుస్తాయని చెప్పింది. దేవుడిచ్చిన గాలికీ పరీక్షలేనా అని అత్తగారు నవ్వుకుంది.

వారం తిరిగేసరికి ఆ పళ్లేలు మూతలతోనే బల్ల మీదికి వచ్చాయి. వరండాలో పెట్టినదానిలో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. వెనకగదిది మాత్రం సందు లేకుండా పూసింది. మసినలుపు, బూడిద, నడుమ మఖమల్‌లాంటి పచ్చ. తాత కళ్లజోడు సర్దుకుని వంగాడు.

“ఈ పచ్చ ఎలా కలిపావమ్మా? నాకింతవరకూ కుదర్లేదు.”

“నేను కలపలేదు మామయ్యా, మీ గదే కలిపింది. ఇది బూజు. పిచ్చుక పీలుస్తోంది దీన్నే.”

“చూశారా, మీకంటే పనిమంతుడు ఇంట్లోనే ఉన్నాడు,” అంది భార్య. “కూలి కూడా అడగడు.”

తాత నవ్వలేదు. లేచి వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. మబ్బు చల్లగా, చెమ్మగా తగిలింది. అవతల స్నానాలగది పైపు. ఇన్నేళ్లూ తాను మరకను కప్పాడే గానీ, దానికి నీళ్లెక్కడివని అడగలేదు. ప్రాణులన్నిటికీ ఊపిరి పోసినవాడు గాలికి గొళ్లెం పెట్టలేదే, మరి తానెవరని కిటికీకి లప్పం కూరినట్టు?

ఇక పిచ్చుకను ఒప్పించడమే మిగిలింది. ఆకాశాన్ని గోకేస్తానంటే ఊరుకుంటుందా? కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు.

“గోకేస్తే మబ్బులెక్కడికి పోతాయి తాతయ్యా?”

“వాటింటికి పోతాయమ్మా. నీకు చూపిస్తాగా.”

ప్లంబరు వచ్చి పైపు మార్చాడు. కోడలు చెప్పినట్టే తాత మాస్కు పెట్టుకుని, బూజు లేవకుండా గోడ తడిపి, తన పనితనాన్నంతా తన చేత్తోనే గోకిపారేశాడు. కిటికీ సందుల్లో లప్పం తీసి రెక్కలు ఒక్క తోపు తోశాడు. గోడ బాగా ఆరాక తెల్లసున్నం వేశాడు. అంతా అయ్యాక పిచ్చుకను కిటికీ దగ్గరికి ఎత్తుకున్నాడు.

అది చాలాసేపు పైకి చూసింది. “ఇవి కదులుతున్నాయి తాతయ్యా. నువ్వేసినవి కదిలేవే కాదు.”

కొన్నాళ్లు చూసి డాక్టరు సరేనన్నాడు. పిల్ల పక్క మళ్లీ వెనకగదిలోకి వచ్చింది. ఆ రాత్రి నాయనమ్మ తలుపు దగ్గర చెవి పెట్టి, పిల్లికూతల కోసం విని, అవి వినిపించకపోయేసరికి చేతులు జోడించింది.

పొద్దున అమ్మ రాగానే పిచ్చుక ఫిర్యాదుకు దిగింది. “అమ్మా, ఇవాళ తాతయ్య ముక్కు దగ్గర పెట్టు నీ పళ్లెం. రాత్రంతా ఒకటే గురక.”