నాలుగో జట్టు

సింహాచలం నీళ్ళ గొట్టాన్ని భుజం మీంచి లాగి, చెట్ల వైపు గోలు ముందున్న గడ్డి మీదికి తిప్పాడు. అక్కడ అప్పటికే ఒకసారి తడిపాడు. అయినా మనసు ఒప్పలేదు. గడ్డి ఇంకా పసుపుగానే కనబడుతోంది. ఎంపిక చేసే పెద్దవాళ్ళు జట్టును కంటితో చూసి తేల్చే రోజు ఇది.

క్లెమెంటిలోని ఆ కాలేజీ మైదానం మీద తెల్లవారినప్పటి నుంచీ మబ్బు కదలలేదు. చినుకూ లేదు, ఎండా లేదు. కంచె అవతల మట్టి తవ్వే యంత్రం టార్పాలిన్ కప్పుకొని నిలబడింది. ఈ గడ్డి పెకలించి ప్లాస్టిక్ గడ్డి పరుస్తారట. కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు చివరి పోటీలకు ఎంపికైతే ఒక ఆట ఇక్కడే పెడతారు, తవ్వకం వచ్చే ఏడాదికి పోతుంది. లేకపోతే ఇవాళే మొదలు. గడ్డి లేని చోట గడ్డి చూసుకునే మనిషితో పనేముంది? ఈ దేశంలో ఉండనిచ్చే అతని పర్మిట్ ఈ పనితోనే ముడిపడి ఉంది.

టెక్కలి నుంచి వచ్చినప్పుడు అతని మీసం నల్లగా ఉండేది. గొట్టం లాగీ లాగీ కుడి భుజం కిందికి జారింది. గోళ్ళలో గడ్డి పసరు ఎంత రుద్దినా పోదు.

జట్టు కెప్టెన్ ప్రణవి బూట్లు చేత పట్టుకొని వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలిస్తుంది.

"అంకుల్, ఇంకా నీళ్ళా? చాలు లా!"

"పచ్చగుంటే సూసినోల్లకి బాగుంటాదమ్మా. పెళ్ళిచూపులనుకో."

"నాకొద్దు బాబూ ఈ పెళ్ళి," అని నవ్వి, మళ్ళీ ముఖం ముడుచుకుంది. "మూడు జట్లని పాయింట్లు చూసి తీసుకున్నారు. నాలుగో చోటికి మేమూ బిషాన్ కాలేజీ వాళ్ళూ సమానం. వాళ్ళని మేం ఓడించాం కూడా. ఇంకా చూడ్డానికేముంది, అంకుల్?"

సింహాచలం గొట్టాన్ని ఇంకాసేపు అక్కడే పట్టుకున్నాడు.

ఎంపిక కమిటీ పెద్ద సుధాకరరావు తన మనుషులతో వచ్చాడు. బిషాన్ జట్టు సాధనను వాళ్ళు నిన్న పొడి నేల మీద చూశారు. ప్రణవి తన మాట ఆయన ముందూ అంది.

"పాయింట్లు అయిపోయిన ఆటలవమ్మా," అన్నాడాయన. "మాకు కావాల్సింది రేపు గెలవగల జట్టు."

"మరి ఇన్నాళ్ళు మమ్మల్నెందుకు ఆడించారు, అంకుల్?"

ఆయన నవ్వి గడియారం చూసుకున్నాడు.

ఆట మొదలైంది. ఆ పిల్లల బలమంతా చిన్న చిన్న పాసుల్లో, పరుగులో ఉంది. బంతి నీళ్ళలో పడి సగం దారిలోనే ఆగిపోతోంది. వెనక్కి తిరిగి వచ్చి తన్నాల్సి వస్తోంది. చెట్ల వైపు గోలు ముందు ప్రణవి ఒక్కసారిగా జారి పడింది. అతను రెండుసార్లు తడిపిన చోట.

"వేగం లేదు," అన్నాడు సుధాకరరావు, బూటుకంటిన బురద గడ్డికి రాస్తూ.

ఆట జరిగేటప్పుడు ఎప్పుడూ మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి రాని సింహాచలం వచ్చేశాడు. "బాబూ, పిల్లల తప్పు కాదండి. నీల్లు నానే ఎక్కువెట్టీసేను. రేపు సూడండి బాబూ."

"నేల ఎలా ఉన్నా ఆడేవాళ్ళే మాకు కావాలయ్యా," అన్నాడాయన, మెత్తగానే.

బిషాన్ జట్టును తీసుకున్నారు.

ప్రణవి బురద మోకాళ్ళతో అతని ముందు నుంచే వెళ్ళింది. ఒక్క క్షణం ఆగింది. గొట్టం వైపు చూసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మధ్యాహ్నం అతన్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరు వ్యాను వచ్చింది. సూపర్‌వైజరు దిగకుండానే సంచి సర్దుకోమన్నాడు. సింహాచలం కుళాయి కట్టేసి, గొట్టం చుట్టి, వ్యాను వెనక సీట్లో కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. యంత్రం మీది టార్పాలిన్‌ను ఎవరో లాగేస్తున్నారు.

అప్పుడు పడింది వాన. ఆరుతుందని అతను కంచె కమ్మీకి వేసిన గళ్ళ తువ్వాలు తడిసి బరువెక్కి, నీళ్ళు కారుస్తూ వేలాడింది.