రెండు వరల లోతు

జీవానందం 1961 డిసెంబరు ఆఖరుకు రిటైరవుతాడు. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లు కాంపౌండరుగా పనిచేశాడు. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి పోవాలన్నది భార్య ఎలిశబెతు గుండెను బట్టి ఉంది.

ఆమె కాళ్లు పొంగేవి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరు రెండు మాటలు చెప్పాడు. గాలి ఆడే ఇల్లు ఉండాలి. ఉప్పు ఏ రూపంలోనూ లోపలికి పోకూడదు. పోతే ఏడాది బతుకుతుందని కూడా చెప్పలేనన్నాడు.

కొడవలూరులో జీవానందం తమ్ముడు క్రీస్తురాజు నడిమి గది ఇస్తానన్నాడు. దానికి కిటికీ లేదు. సూళ్లూరుపేటలో చూసిన ఇంటికి రైలు దగ్గర, మద్రాసు దగ్గర, కానీ బావి నీళ్లు ఉప్పన. కృష్ణపట్నంలో ఊరి చివర ఒక పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. గంగులయ్య అనే ఉప్పు వ్యాపారిది. సముద్రం వైపు వసారా ఉంది. చూడటానికి వెళ్లిన రోజు ఎలిశబెతు ఆ వసారాలో కూర్చుంది. కూర్చున్న చోటే వెనక్కు వాలి గంటసేపు నిద్రపోయింది.

జీవానందం నీళ్లు పరీక్ష చేశాడు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డల కళ్లలో వేసే సిల్వర్ నైట్రేట్ చుక్కల మందు కలిపేది ఆయనే. నీళ్లలో ఉప్పుంటే ఆ చుక్క పడగానే తెల్లగా విరుగుతుంది. ఈ బావి నీళ్లలో మూడు చుక్కలు వేసినా కొంచెం మసక తప్ప ఏమీ లేదు. వాయుగుండం వాన వెలిసి అప్పటికి పది రోజులు.

పక్కింట్లో ఉండే, చేపలమ్మే మాలకొండమ్మ గోడ మీద నుంచి చూసింది.

"ఇప్పుడు ఏ బావి అయినా తియ్యనే సారూ. ఎండల్లో వచ్చి తాగి చూడు," అంది.

మందు అబద్ధం చెప్పదన్నాడు జీవానందం. గంగులయ్యా అబద్ధం చెప్పలేదు. నీళ్లు తియ్యన అన్నాడు. ఆ రోజుకు తియ్యనే.

ఇల్లు కొని జనవరిలో దిగారు. మూడు నెలలు బాగా గడిచాయి. ఎలిశబెతు కాళ్ల పొంగు తగ్గింది. వసారాలో నులక మంచం మీద పడుకోగలిగింది. వంటలో ఉప్పు వెయ్యకపోవడం చూసి మాలకొండమ్మ నవ్వేది.

"ఇంత ఉప్పు పండే ఊరికొచ్చి చప్పిడి కూడు తింటా ఉండావేందక్కా, పెళ్లికి పొయ్యి పస్తుండినట్టు," అనేది.

ఏప్రిల్లో బావి అడుగంటింది. బొక్కెన సగమే మునిగేది. జీవానందం కొడవలూరు మాగాణిలో పెరిగినవాడు. అక్కడ ఎండలకు నీళ్లు దిగితే మనుషుల్ని దించి, తవ్వి, ఇంకో రెండు గుండ్రటి సిమెంటు వరలు వేస్తారు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు తియ్యగా ఉంటాయి. ఊళ్లో బావులు తవ్వే నరసయ్యను పిలిచాడు. నరసయ్య తొంగి చూసి, దిగనన్నాడు.

"ఇక్కడ తియ్య నీళ్లు పైన తేలతా ఉంటాయి సార్, పాల మీద మీగడ మాదిరి. కింద అంతా సముద్రమే. లోతుకు పోతే అది పైకొస్తాది."

పని తప్పించుకోవడానికి చెబుతున్నాడనుకున్నాడు జీవానందం. తమ్ముడి చేత కొడవలూరు నుంచి ఇద్దరు మనుషుల్ని రప్పించాడు. రెండు రోజుల్లో రెండు వరలు దించారు. మూడో రోజు తెల్లవారేసరికి నిలువెత్తు నీళ్లు. ఆయన గ్లాసులో చుక్క వేశాడు. పెరుగులా విరిగింది. బురద తేరుకోవాలనుకుని వారం ఆగాడు. ఆ వారం మాలకొండమ్మ ఇచ్చిన నీళ్లు తాగారు. వారం తర్వాత కూడా చుక్క అలాగే విరిగింది.

ఎలిశబెతుకు చెప్పాడు.

వేసవిలో చేపలవాళ్లు చెలమ నీళ్లు తాగుతారు. ఇసుక దిబ్బల్లో చేత్తో మోకాటి లోతు గుంట తవ్వి, ఊరిన నీటిని టెంకాయ చిప్పతో పైపైన తీస్తారు. చిప్ప లోతుకు ముంచితే ఉప్పు కలుస్తుంది. ఇంటికి ఒక చెలమ. ఒకరి చెలమలో ఇంకొకరు చిప్ప ముంచరు. మాలకొండమ్మ తన చెలమలో రోజూ ఒక కుండ తీసుకొమ్మంది. జీవానందం ఉదయాన్నే పోయి కూర్చునేవాడు. కుండ నిండటానికి గంటన్నర. పక్క చెలమల దగ్గరి ఆడవాళ్లు, ముప్ఫై ఏళ్లు మందుల్లో నీళ్లు కలిపిన చెయ్యి, ఇప్పుడు తిరిగి తోడుకుంటోందని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

జూన్‌లో ఆ చెలమ రోజుకు ఒక్క కుండే ఊరడం మొదలుపెట్టింది. ఆ కుండ మాలకొండమ్మ జీవానందానికే వదిలింది. వాళ్లేం తాగుతున్నారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

నెలాఖరులో ఒక ఉదయం ఆయన ఎలిశబెతు పాదం మీద బొటనవేలితో నొక్కి చూశాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. మోకాలి దాకా అంతే. వంటలో ఉప్పు లేదు. నీళ్లు చెలమవి. రెండుసార్లు అడిగితే చెప్పింది. మాలకొండమ్మ కూతురు చెంచులక్ష్మి పురిటికి వచ్చి, కాన్పై ఇక్కడే ఉంది. తల్లి చేపలకు, ఆయన పోస్టాఫీసుకు పోయినప్పుడు ఆ పిల్లను పిలిచి కుండలో నీళ్లు ముప్పాతిక వంచి ఇస్తోంది. ఎలిశబెతు మాత్రం బావి నీళ్లు తాగుతోంది. పన్నెండు రోజులుగా.

"వాళ్ల నీళ్లు మనం తాగతా ఉంటే ఆ బాలింత ఉప్పు నీళ్లు తాగతా ఉందండీ," అంది.

"నాకు చెప్పొచ్చు గదా."

"చెప్తే ఇయ్యనిస్తారా?"

జీవానందం కొడవలూరుకు బండి మాట్లాడతానన్నాడు. ఆ కిటికీ లేని గదికి రానంది. మూడు రోజులకు ఆమె మళ్లీ గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. బస్సులో నెల్లూరు తీసుకుపోయాడు. పాత డాక్టరే చూశాడు. ఇంజక్షన్లకు నీరు కొంత దిగింది. జులై పంతొమ్మిదిన మధ్యాహ్నం చనిపోయింది. నెల్లూరు సమాధుల తోటలో పెట్టారు.

క్రీస్తురాజు తనతో రమ్మన్నాడు. జీవానందం కృష్ణపట్నం తిరిగివచ్చాడు. మరునాడు నరసయ్యను పిలిచి, కొత్తగా తవ్విన రెండు వరల లోతూ ఇసుకతో పూడ్చమన్నాడు.

నరసయ్య ఎవరికోసమని అడగబోయి మానుకున్నాడు. "పూడ్చినా నీళ్లు ఇప్పుడే తియ్యన కావు సార్. రెండు మూడు వానాకాలాలు పోవాల," అన్నాడు.

ఇసుక పొయ్యమన్నాడు జీవానందం. దిబ్బ దగ్గర నుంచి తనే గంపతో ఇసుక మోసుకొచ్చి అందించాడు. నరసయ్య వద్దన్నా వినలేదు. సాయంత్రానికి ఒక వర నిండింది. మాలకొండమ్మ చేపలమ్ముకుని వచ్చి బావి దగ్గర నిలబడింది. గంపలో మిగిలిన చేపలు అరుగు మీద వంచి, గంప దులుపుకుని, తనూ దిబ్బకు ఇసుకకు పోయింది.