దర్బారులో కిష్టారం అల్లుడు

కాశయ్య దర్బారు మేడ చూడ్డానికి వచ్చాడు, అంతే. ఊరు భద్రాచలం. దసరాకి కిష్టారంలో అత్తారింటికి వచ్చినవాడు ఊరికే ఉండొచ్చుగా! పరగణా పెద్ద కేసా మాఝీ జగదల్‌పూర్‌లో రాజుగారి దర్బారుకి బయల్దేరుతుంటే, "నేనూ వస్త మామా" అని వెంటపడ్డాడు.

ఆరు రోజుల దారి. కేసా నోట ఒకటే మాట: ఏటి మీద సర్కారు పడవ కావాలి. మొన్న వానల్లో తెప్ప బోల్తాపడి ఆయన కోడలు నందే మునిగి చనిపోయింది. దసరా అయ్యాక పరగణా పెద్దలైన మాఝీలంతా దర్బారులో కూర్చుని తమ ఊళ్ళ కష్టాలు చెప్పుకుంటారు. ఈసారైనా పడవ సాధించాలి.

దర్బారు రోజు పొద్దున కేసా ఇంద్రావతిలో స్నానానికి వెళ్తూ తలపాగా తీసి కాశయ్యకిచ్చాడు.

"రాజుగారిచ్చిన పాగా. నేల మీద పెట్టకు అల్లుడా."

మేడ వాకిట్లో కాశయ్య ఒక చేతిలో మూట, ఒక చేతిలో చెప్పులు. పాగా ఎక్కడ పెట్టాలి? నెత్తిన పెట్టుకున్నాడు.

"అరే మాఝీ, ఇత్‌నీ దేర్!" అని ఆలస్యానికి కసురుతూ బంట్రోతు జబ్బ పట్టి లోపలికి లాక్కుపోయి, పెద్దల వరుసలో జంపఖానా మీద కూలేశాడు. చేతికి తాంబూలం వచ్చింది. చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇంత మర్యాదా! కాశయ్య ఉబ్బిపోయాడు. ఒక్కొక్కరే లేచి హల్బీలో, గోండీలో ఏదో చెప్తున్నారు. మేడ ఎలా ఉందో చెప్తున్నారు కాబోలు.

అర్జీలు రాసుకునే మున్షీ ఇతనివైపు తిరిగాడు. "బోలో."

కాశయ్య లేచాడు. "శానా బాగుందండీ!"

మున్షీ తెల్లమొహం వేశాడు. అప్పుడే వాకిట్లో గోల. తడిజుట్టుతో కేసా. "నేనే మాఝీని!" అంటున్నాడు. బంట్రోతు కర్ర అడ్డం పెట్టి, "పాగా ఏదీ?" అంటున్నాడు. కేసా చూపు కాశయ్య నెత్తి మీద ఆగింది.

అప్పటికి వెలిగింది కాశయ్యకి. గాభరాగా పాగా తీయబోతే పక్కనున్న బీజాపూర్ వైపు మాఝీ, కాస్త తెలుగొచ్చిన మాడ, చెయ్యి పట్టుకున్నాడు. "తీయకు! తీస్తే మీ పరగణా వంతు పాయె."

"ఏం చెయ్యాలె మరి?"

"ఆయన చెప్పాల్సింది నువ్వు చెప్పు."

"పడవ!" అని అరిచాడు కాశయ్య తెలుగులో. మున్షీకి ఎక్కలేదు. జంపఖానా మీద చతికిలబడి ఉత్త చేతుల్తోనే తెడ్డు వేశాడు. దర్బారంతా నవ్వు. దర్బారు నడిపే దివాన్ గారూ నవ్వారు. కాశయ్య పక్కకి ఒరిగాడు, చేతులు పైకెత్తి కొట్టుకున్నాడు, మెల్లగా మునిగిపోయాడు. నవ్వు ఆగిపోయింది.

దివాన్ ఏదో అడిగారు. "మునిగింది ఎవరంటున్నరు," అన్నాడు మాడ.

"నందే."

మున్షీ రాసుకున్నాడు.

బయటికొచ్చాక పాగా తిరిగిస్తూ కాశయ్య అడిగాడు. "ఆఖర్న దివాను 'దేఖేంగే' అన్నడు. చూద్దాం అంటే ఇచ్చినట్టా మామా, ఇయ్యనట్టా?"

"ఏమో. తొమ్మిదేండ్ల సంది నాకూ అదే అంటుండ్రు."

"మరి లాభమేంది?"

"నేను చెప్పినప్పుడు మున్షీ కలం కదపలే. ఇయ్యాల రాసిండు. నందే అనే రాసిండా?"

"రాసిండు మామా. చూసిన."

కేసా పాగా చుట్టుకున్నాడు. కుదరలేదు. విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"ఇంతకీ మేడ ఎట్లుంది?"

కాశయ్య వెనక్కి తిరిగి చూశాడు. లోపల ఏం చూశాడో ఒక్కటీ గుర్తు రాలేదు.