పొద్దును పట్టి నిలిపిన గుర్రం

నారిన్ నది ఎగువ కొండల్లోకి మందలతో వేసవి మేతకు వెళ్ళినవాళ్ళకి పగలంతా గుర్రాల పాలు పితకడమే పని. వాళ్ళలో సైరకాన్ ఏనాడూ గడియారం చూసి ఎరగదు. పాలవేళ కాగానే కెర్బెజ్ అనే ఆమె బూడిదరంగు ఆడగుర్రం మేత వదిలి, తనంతట తానే వచ్చి గుంజ దగ్గర నిలబడేది. దానికి వేళ తెలియడమే కాదు, పట్టి ఆపడమూ వచ్చు. అది కదలకుండా నిలబడితే ఆ చుట్టుపక్కల పొద్దు కూడా కదలకుండా ఆగేది.

"కెర్బెజ్, కాస్త పట్టవే! చుట్టాలింకా కనుమ దాటలేదు, టీ చల్లారిపోతోంది" అని పక్క గుడారం ఆడవాళ్ళు కేకేసేవారు.

సైరకాన్ కూతురు బురుల్ బిష్కెక్‌లో జంతువుల మెదడు కాలాన్నెలా కొలుస్తుందో పరిశోధిస్తుంది. ఆ వేసవిలో సన్నని తీగలల్లిన టోపీ తెచ్చి కెర్బెజ్ తలకు కట్టింది. కంప్యూటర్ తెరమీద చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి.

"చూడమ్మా, ఇవి దాని మెదడులో కణాలు. మంటలార్పేవాళ్ళు వరసగా నిలబడి నీళ్ళ బకెట్లు అందించుకున్నట్టు ఒకదానికొకటి అందించుకుంటాయి. చివరిదాకా చేరితే పాలవేళ అయినట్టు. మెల్లగా అందించుకుంటే వేళ ఇంకా కానట్టు."

"ఇందుకా ఇన్నేళ్ళు చదివావు? దాన్నడిగితే చెప్పేది కాదూ!"

"దాన్నే కదమ్మా అడుగుతున్నాను!"

సైరకాన్ మూతి తిప్పింది గానీ, ఆ పూటే గుడారం గుడారానికీ వెళ్ళి "మా అమ్మాయి గుర్రం తలలోకి తొంగిచూస్తోంది" అని చెప్పొచ్చింది.

ఆ మధ్యాహ్నమే కోడలు చోల్పోన్‌కి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. కబురందుకుని బయల్దేరిన డాక్టరమ్మ జీపు ఇంకా కనుమకి అవతలే ఉంది.

"నావల్ల కాదత్తయ్యా" అంది చోల్పోన్.

సైరకాన్ పరుగున పోయి కెర్బెజ్ మెడ నిమిరింది. "తల్లీ, డాక్టరమ్మ వచ్చేదాకా!"

గుర్రం వచ్చి గుమ్మం ముందు నిలబడింది. తెరమీద ఒక చుక్క వెలిగి, పక్కదానికి అందించకుండా అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి అంచున ఆగాయి. నొప్పికీ నొప్పికీ మధ్య చోల్పోన్ తీసిన ఊపిరి ఇంకా పూర్తికాలేదు. కెర్బెజ్ కాళ్ళు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా కదల్లేదు.

జీపు దిగిన డాక్టరమ్మ దాని వీపు తట్టింది. "నేనొచ్చానుగా, ఇక వదిలెయ్ తల్లీ."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. సాయంత్రానికి ఆడపిల్ల కేరుమంది.

మర్నాడు బురుల్ పంపిన లెక్కలు చూసి బిష్కెక్ నుంచి ఆమె పై అధికారి ఫోన్ చేశాడు. "ఒకే కణం అంతసేపు వెలగడమేమిటమ్మా? మిషన్ చెడిందా?"

"లేదండీ. మా వదినకి కాన్పు."

"అలాగా! అంతా క్షేమమేనా?"

"తల్లీ బిడ్డా క్షేమం. గుర్రం ఇంకా పడుకునే ఉంది."

సైరకాన్ ఫోన్ లాక్కుంది. "అయ్యా, అది మా గుర్రమని రాసుకోండి. దాని తలలో ఉన్నది చదివింది మా పిల్లేననీ రాసుకోండి."